రోజుకి మూడుసార్లు వచ్చే పోస్ట్‌మాన్

మా చిన్నవాడు పుట్టిన 23వ రోజున మా అమ్మ టొరంటో ఎయిర్‌పోర్టులో దిగింది. నాకు పురుడు పొయ్యడానికి రావలసిన మనిషి, బారసాల కూడా అయిపోయాక వచ్చింది. “ఏం చేస్తామమ్మా, వీసా మన చేతిలో పనా!” అని దారిలో పలకరించిన వాళ్ళందరికీ అమ్మే సర్దిచెప్పింది. నేనూ పక్కన నిలబడి అవునన్నట్టు తలూపాను. నిజానికి ఆ ఆలస్యం వీసా వాళ్ళది కాదు. నాది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, నా ఇన్‌బాక్సుది.

2023 జులైలో అమ్మకి సూపర్ వీసాకి అప్లై చేశాం. కోతల టైములో ఇల్లు వదిలి రానని నాన్న ఆగిపోయారు. అమ్మకి ఇంగ్లీషు చదవడం కష్టమని అప్లికేషన్ అంతా మిస్సిసాగాలో కూర్చుని నేనే నింపాను. ఈమెయిల్ ఐడీ కూడా నాదే ఇచ్చాను. తర్వాత మెడికల్ చేయించుకోమంటూ ఇమ్మిగ్రేషన్ వాళ్ళ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. అందులో విషయం ఉండదు. “మీ అప్లికేషన్‌కి సంబంధించి కొత్త మెసేజ్ ఉంది, అకౌంటులో చూసుకోండి” అని రెండు ముక్కలు, అంతే. అకౌంటు తెరిస్తేగాని 30 రోజుల గడువు సంగతి తెలియదు.

నేను దాన్ని 25వ రోజు చూశాను. పైన ఈత క్లాసుల రిజిస్ట్రేషన్, కింద డైపర్ల మీద డిస్కౌంటు, మధ్యలో ఇది. అప్పటికి నా ఇన్‌బాక్సులో చదవనివి పదకొండు వేల పైచిలుకు ఉన్నాయి. చెయ్యీ కాలూ ఆడలేదు. పెద్దాపురం నుంచి అమ్మని తత్కాల్ టికెట్టు మీద సామర్లకోటలో గోదావరి ఎక్కించి హైదరాబాదు పంపించారు. కెనడా వాళ్ళు గుర్తించిన డాక్టర్ల దగ్గరే ఆ పరీక్ష చేయించాలి కదా. గడువుకి రెండు రోజుల ముందు పని అయింది. వీసా వచ్చింది. కానీ నేను పోగొట్టిన 24 రోజులూ ఎక్కడికీ పోలేదు. అమ్మ 23 రోజులు ఆలస్యంగా వచ్చింది. ఈ లెక్క నేనొక్కదాన్నే వేసుకుని, ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను.

అలాగని నేను మెయిల్ చూడని మనిషిని కాదు. అదే విచిత్రం. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే ఫోను, పాపకి జడ వేస్తుంటే ఫోను. రోజుకి ముప్ఫై నలభైసార్లు చూసేదాన్ని. చూడటం వేరు, చదవడం వేరు అని అప్పటికి తెలియలేదు.

ఇంకో సంగతి. మా వారు సాయంత్రం ఆరింటికి లాప్‌టాప్ మూసేస్తే ఆయన ఆఫీసు మెయిల్ అక్కడితో బంద్. ఒంటారియోలో 25 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలు పని వేళల తర్వాత మెయిళ్ళ సంగతేమిటో కాగితం మీద రాసి పెట్టుకోవాలని 2022 నుంచి రూలు కూడా ఉంది. మరి ఇంటి మెయిల్ సంగతి? స్కూలు, టీకాలు, ఇన్సూరెన్సు, కారు సర్వీసు, టాక్స్ కాగితాలు, వీసాలు అన్నీ “ఇంట్లోనే ఉంటావుగా” అని నా ఐడీకే వస్తాయి. ఈ గుమాస్తా పనికి జీతమూ లేదు, వేళా లేదు. చదివే మీలో చాలామంది ఇదే ఉద్యోగం చేస్తున్నారని నాకు తెలుసు.

బాబుకి మూడో నెల వచ్చాక, ఇదంతా ఎలా దారిలో పెట్టాలా అని వెతుకుతుంటే ఒక ప్రయోగం గురించి చదివాను. వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో కుష్లెవ్, డన్ అనే ఇద్దరు చేసినది, 2015లో అచ్చయింది. 124 మందిని తీసుకుని, ఒక వారం మెయిల్ రోజుకి మూడుసార్లే చూడమన్నారు. ఇంకో వారం ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు చూడమన్నారు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన అలవాటు కొద్దీ నాకు నచ్చింది ఏమిటంటే, వీళ్ళు ఇద్దరు వేరు వేరు మనుషుల్ని పోల్చలేదు. అదే మనిషిని రెండు వారాల్లోనూ చూశారు. మూడుసార్లే చూసిన వారంలో వాళ్ళకి ఒత్తిడి తగ్గింది. అయితే అలా చూడకుండా ఉండటం కష్టంగా ఉందనీ వాళ్ళే చెప్పారు. కష్టమని నాకూ తెలుసు.

ఇది చదివి అమ్మకి చెబితే “మీ తాతయ్య చేసిందీ అదేగా” అంది. నిజమే. మా తాతయ్యగారింట్లో వసారా దూలానికి ఒక ఇనప తీగ వేలాడేది. పోస్ట్‌మాన్ పదకొండింటికి వచ్చేవాడు. పొద్దున్నించీ ఎవరూ వీధి గుమ్మంలో కాపలా కాసేవారు కాదు. ఉత్తరాలు రాగానే తాతయ్య పడక్కుర్చీలో కూర్చుని అన్నీ ఒక్కసారే చదివేసేవారు. అక్కర్లేనివి అక్కడే చించేసేవారు. జవాబు రాయాల్సినవి కళ్ళజోడు పెట్టె కింద పెట్టేవారు. దాచుకోవాల్సినవి తీగకి గుచ్చేవారు. ఏ ఉత్తరాన్నీ చదివి మళ్ళీ గుట్టలో పడేసేవారు కాదు. ఇక్కడ మా వీధి చివర తాళం వేసే పోస్టు డబ్బా ఉంది. దాని దగ్గరికి వారానికి రెండుసార్లు వెళ్తాను. అక్కడికి గంటకోసారి పరుగెత్తితే పక్కింటివాళ్ళు ఏమనుకుంటారు? ఫోనుతో నేను చేస్తున్నది అదే.

సరే, తాతయ్య పద్ధతే పెట్టుకున్నాను.

మొదట మెయిల్ చప్పుళ్ళు ఆపేశాను. పాపని స్కూల్లో దింపి వచ్చాక ఒకసారి, మధ్యాహ్నం బాబు పడుకున్నాక ఒకసారి, రాత్రి గిన్నెలు అయ్యాక ఒకసారి. ఒక్కో విడత ఇరవై నిమిషాలు. అర్జెంటైతే స్కూలువాళ్ళు ఫోనే చేస్తారని గుర్తుపెట్టుకున్నాను.

పాత పదకొండు వేలని ఒక్కొక్కటీ తియ్యడానికి కూర్చోలేదు. ఆ నెల మెయిళ్ళు తప్ప మిగతావన్నీ ఒక్క దెబ్బకి ఆర్కైవ్‌లోకి తోసేశాను. అది తీగ లాంటిది. ఏదీ పోదు, పేరు కొట్టి వెతికితే దొరుకుతుంది.

తర్వాత చించే పని. కెనడాలో స్పామ్‌కి చట్టం ఉంది, 2014 జులై 1 నుంచి అమల్లో ఉంది. అమ్మకాల మెయిల్ ఏదైనా సరే, మనం వద్దని చెప్పుకునే దారి అందులోనే ఉండాలి, దానికి డబ్బు తీసుకోకూడదు, పది పని దినాల్లో ఆపేయాలి. మొదటి వారంలో 63 దుకాణాలకి వద్దని చెప్పాను. ఇక్కడ ఒక జాగ్రత్త. తెలిసిన దుకాణాలకే ఇది చెయ్యాలి. ముక్కూ మొహం తెలియని మోసపు మెయిళ్ళలో ఏ లింకూ నొక్కకండి. నొక్కితే ఈ ఐడీలో మనిషి ఉన్నాడని వాళ్ళకి తెలుస్తుంది. వాటిని స్పామ్ అని గుర్తు పెట్టి వదిలేయడమే. టాక్స్ ఆఫీసు పేరుతో ఈ-ట్రాన్స్‌ఫర్ చేయమనో గిఫ్ట్ కార్డులు కొనమనో వస్తే అది దొంగ మెయిలే. నిజమైనదా కాదా అని అనుమానం వస్తే మెయిల్లో లింకు పట్టుకుని పోకుండా, మనమే అకౌంటులోకి వెళ్ళి చూసుకోవాలి.

వద్దనలేని దుకాణాలు కొన్ని ఉంటాయి కదా. వాటికి జీమెయిల్‌లో ఫిల్టర్ పెట్టి, ‘సంత’ అని పేరు పెట్టిన లేబుల్‌లోకి నేరుగా పోయేలా చేశాను. కూరగాయల ఫ్లయర్లు మారేది గురువారం కాబట్టి గురువారమే సంతకి వెళ్తాను.

అన్నిటికన్నా ఉపయోగపడింది మాత్రం రెండో ఐడీ. వీసా, టాక్స్, ఆసుపత్రి, స్కూలు, ఇన్సూరెన్సు, ఇవి తప్ప ఇంకేవీ రాని ఐడీ ఒకటి తెరిచాను. దుకాణంలో ఎవరు అడిగినా అది ఇవ్వను. మా వారి ఫోనులోనూ అది ఉంది. వారం విడిచి వారం ఆయన చూడాలి. మొదట్లో “నాకు ఇవన్నీ తెలియవు” అన్నారు. “నాకూ పుట్టుకతో తెలియలేదు” అన్నాను.

చివరిది, తారీఖు ఉన్న మెయిల్ ఏదైనా చదివిన క్షణమే వంటింట్లో గోడ మీద ఉన్న తెలుగు క్యాలెండరులోకి ఎక్కాలి. ఫోన్లో అలారం ఉన్నా సరే. ఏకాదశి పక్కన ఎర్ర సిరాతో ‘పాప దంతాల డాక్టరు’ అని ఉంటే కాఫీ కలుపుతూ ఇద్దరమూ చూస్తాం. స్పామ్ ఫోల్డరు ఆదివారం ఒకసారి తిరగేస్తాను, మంచి ఉత్తరాలు కూడా దారి తప్పి అందులో పడుతుంటాయి.

అన్ని రోజులూ మూడుసార్లతో సరిపెట్టుకుంటున్నానని అబద్ధం చెప్పను. బాబుకి జ్వరం వచ్చిన రాత్రి ఊరికే ఫోను తీసి చూస్తూ కూర్చున్నాను. కానీ మర్నాడు మళ్ళీ మూడుకే వచ్చాను.

అమ్మ ఆరు నెలలుండి వెళ్ళింది. వెళ్ళే ముందు రోజు రాత్రి సూట్‌కేసు సర్దుతుంటే ఇక ఆగలేక చెప్పేశాను. “అమ్మా, నీ మెడికల్ ఉత్తరం నేనే 24 రోజులు చూసుకోలేదు. లేకపోతే నువ్వు పురిటికి అందేదానివి.”

అమ్మ చీర మడత పెడుతూనే ఉంది.

“నాకు తెలుసులేవే. హైదరాబాదులో డాక్టరుకిచ్చిన కాగితం మీద తారీఖు ఉందిగా. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు వచ్చు.”

“మరి ఎందుకు అనలేదు?”

“బాలింతతో ఏమంటాను? ఈసారికి ఆ ఎర్ర సిరా కలం జాగ్రత్తగా పెట్టుకో” అని సూట్‌కేసు జిప్పు వేసింది.