తలుపు అద్దం

కారుకు ఉన్న అద్దాలన్నీ ఒక్క జాతివేనని చాలామంది అనుకుంటారు. కావు. ముందరి అద్దం ఒక జాతి, పక్క తలుపుల అద్దాలు మరో జాతి. ఈ సంగతి ఎవరైనా చెబితే ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేస్తాం. పగిలిననాడు మాత్రం మరిచిపోదామన్నా మరుపు రాదు.

సర్ఖని ఎక్కడని అడిగే పాఠకులు ఉంటారు కనుక ముందు ఆ మాట చెబుతాను. నాందేడ్ జిల్లాలో, కిన్వట్ నుంచి మాహూర్ రేణుకాదేవి గుట్ట వైపు పోతుంటే తగిలే ఊరు మాది. చుట్టూ పత్తి చేలు, ఆ పైన టేకు అడవి. ఊళ్లో మరాఠీ, గోండి, లంబాడీ, దక్కనీ ఉర్దూ, తెలుగు అన్నీ వినబడతాయి. ఒకే టీ కొట్టు దగ్గర నిలబడి అయిదు భాషల్లో ధర అడగవచ్చు. కానీ కారు తలుపు అద్దం ధర మాత్రం ఏ భాషలో అడిగినా దొరకదు. దానికోసం ఊరు దాటవలసిందే.

మా బండి పాత మారుతీ 800. ఆ మోడల్ తయారీ 2014లోనే ఆగిపోయింది. కంపెనీ మానేసినా మా వంటివాళ్లం మానలేదు. ఇంత పాత బండికి పూర్తి బీమా కట్టేవాళ్లు తక్కువ. చట్టం కోసం థర్డ్ పార్టీ మాత్రం కడతాం. అందులో మన అద్దానికి పైసా రాదు. పూర్తి బీమా ఉన్నవాళ్లకు ఒక మంచి మాట చెప్పాలి. రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లకు బీమా కంపెనీ సగం ధర తరుగు కింద కోస్తుంది గాని, అద్దానికి తరుగు లేదు. అయితే చిన్న అద్దం కోసం క్లెయిము పెట్టుకుంటే మరుసటి ఏడు రావలసిన నో క్లెయిమ్ బోనస్ పోతుంది. రెండూ లెక్క వేసుకుని చూసుకోవాలి.

ఒక సోమవారం కిన్వట్ నుంచి వస్తుంటే, ఎదురుగా పోయిన కంకర లారీ టైరు కింది రాయి ఎగిరి నా పక్క తలుపు అద్దానికి తగిలింది. చప్పుడు పెద్దదేమీ కాదు, మరమరాల బస్తా కుమ్మరించినట్టు అయింది. మరుక్షణం అద్దం లేదు. ఒళ్లో, సీట్లో, చొక్కా జేబులో అంతా పలుకులు. చేతికి చిన్న గీతలు తప్ప తెగిన గాయం ఒక్కటీ లేదు. ఇంటికి వచ్చాక మా అమ్మ వాటిని చేటలోకి ఎత్తి, వెలుతురుకు పెట్టి చూసి, "గిది అద్దంలెక్క లేదు బిడ్డా, పటికబెల్లం లెక్క ఉన్నది" అంది.

అమ్మ అన్నది సరిగ్గా అదే. పక్క అద్దాన్ని పలుకులుగా రాలిపోయేట్టే తయారుచేస్తారు. మామూలు గాజు పలకను ఆరువందల డిగ్రీల పైచిలుకు వేడికి తెచ్చి, వెంటనే రెండు వైపులా గాలి ధారలతో చల్లబరుస్తారు. పై పొర ముందు గట్టిపడుతుంది. లోపలిది తర్వాత చల్లారుతూ కుంచించుకుపోతూ పై పొరను లోపలికి లాగుతుంది. ఆ లాగుడు వల్ల పై పొరలో ఒత్తిడి, లోపల బిగువు నిలిచిపోతాయి. అందుకే ఈ అద్దం మామూలు గాజు కంటే ఎన్నో రెట్లు దెబ్బకు ఆగుతుంది. కానీ పై పొరను దాటి ఒక్క చీలిక లోపలికి పోయిందా, ఇన్నాళ్లూ దాచుకున్న బిగువంతా ఒక్కసారిగా విడిపోతుంది. పొడవాటి కత్తుల్లాంటి పెంకులు కాకుండా మొండి పలుకులై రాలుతుంది. పదిహేడో శతాబ్దంలో యూరప్ రాజాస్థానాల్లో కరిగిన గాజు చుక్కను నీళ్లలో వేసి వినోదం చూసేవారు. ఆ చుక్క తలమీద సుత్తితో కొట్టినా పగిలేది కాదు, తోక చివర గిల్లితే పొడి అయ్యేది. వాటికి రూపర్ట్ రాకుమారుడి చుక్కలని పేరు. మన కారు తలుపులో ఉన్నది ఆ చుక్కకు చుట్టమే.

ముందరి అద్దం కథ వేరు. 1903లో ఫ్రాన్సులో ఎదువార్ బెనెదిక్తస్ అనే ఆయన చేతిలోంచి ఒక గాజు కూజా కింద పడింది. బీటలు వారింది గాని ముక్కలు విడిపోలేదు. లోపల ఎండిపోయిన ఒక రసాయనం పొర ముక్కలను పట్టి ఉంచింది. ఆ ఆలోచనే తర్వాత రెండు గాజు పలకల మధ్య పలచని పొర పెట్టే పద్ధతి అయింది. అందుకే ముందరి అద్దం రాయి తగిలితే సాలెగూడులా బీటలు వారి అలాగే నిలుస్తుంది, మనిషి మొహం మీద రాలదు. పక్క అద్దం అలా నిలవకుండా రాలిపోవడంలోనూ మేలు ఉంది. తలుపు బిగుసుకుపోయినప్పుడు దాన్ని పగలగొట్టి లోపలివాళ్లను బయటికి లాగవచ్చు.

ఇంత తెలిసినా మాకు అప్పుడు కావలసింది అద్దం. అదీ గురువారం లోపల. ఎందుకంటే గురువారం అమ్మను ఆదిలాబాద్ తీసుకుపోవాలి.

కిన్వట్‌లోనో నాందేడ్‌లోనో డాక్టర్లు లేరా అని మీరు అడగవచ్చు. ఉన్నారు, మంచివాళ్లే. చిక్కు డాక్టర్లది కాదు, నొప్పిది. అమ్మకు మరాఠీ బజారుకు సరిపడా వచ్చు. కూరగాయలు బేరం ఆడుతుంది, ఎస్టీ బస్సు కండక్టరుతో చిల్లర కోసం వాదిస్తుంది. కానీ రెండేళ్ల కిందట ఛాతీలో బాధ మొదలైనప్పుడు, దగ్గరలోని ఒక దవాఖానాలో ఆమె నోట వచ్చింది ఒక్కటే మాట: "దుఖ్తయ్". నొప్పి పెడుతోంది అని. ఎక్కడ అంటే చేయి పెట్టి చూపింది. గ్యాసు మాత్రలు ఇచ్చారు. ఆ ఒక్క మాటతో ఎవరైనా అంతే చేస్తారు. మరాఠీలో నొప్పికి మాటలు లేక కాదు. కళ్ ఉంది, చమక్ ఉంది, ఠణకా ఉంది. అవి అమ్మవి కావు, అంతే. ఆ తర్వాత ఆదిలాబాద్‌లో తెలుగు డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఆమె అడక్కుండానే చెప్పింది: "మెట్లెక్కుతే రొమ్ముల కలుక్కుమంటది సారూ, దవడకెల్లి గుంజుతది, ఎడమ చెయ్యి తిమ్మిరెక్కుతది, కూసుంటే తగ్గుతది." డాక్టరు రాస్తున్న కలం ఆపి, వెంటనే గుండె పరీక్షకు పంపాడు. గుండెకు రక్తం చాలడం లేదని తేలింది. అప్పటినుంచి మందులు, నెలకోసారి చూపించుకోవడం. ఆ నాలుగు మాటలు లేకపోతే ఏమయ్యేదో నేను ఆలోచించను.

సరిహద్దు దాటి పోతున్నామని అమ్మకు ఎప్పుడూ అనిపించదు. 1956 నవంబరు 1కి ముందు కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోదే, హైదరాబాద్ రాష్ట్రంలోదే. ఆనాటి పునర్విభజనలో బొంబాయి రాష్ట్రానికి వచ్చాం, 1960 మే 1న మహారాష్ట్ర అయ్యాం. అవతలి వైపు ముందు ఆంధ్రప్రదేశ్ అయింది, 2014 జూన్ 2న తెలంగాణ అయింది. మావాళ్లు మాత్రం అదే చేను దున్నుతున్నారు. మేం కదలలేదు, గీత కదిలింది. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పించాలన్న 350ఎ అధికరణం కూడా ఆ 1956లోనే రాజ్యాంగంలోకి వచ్చింది. మాతృభాషలో నొప్పి చెప్పుకునే వసతి గురించి ఏ అధికరణమూ రాయలేదు. దాన్ని ఎవరికి వారు బండి కట్టుకుని పోయి తెచ్చుకోవలసిందే.

మరి అద్దం లేని బండిలో ఆమెను ఎలా తీసుకుపోవడం? దారి పొడుగునా దుమ్ము, ఆమెకు ఆయాసం. యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ కవరు కోసి టేపుతో అంటించాం. ఊళ్లో తిరగడానికి పనికొచ్చింది గాని వేగం పెరిగితే డప్పు కొట్టినట్టు కొట్టుకుంది. పైగా అందులోంచి పక్కనున్న అద్దం కనబడదు. వెనక వచ్చే లారీ కనబడకుండా ఆ దారిలో పోవడం ప్రాణంతో చెలగాటమే.

కిన్వట్ మిస్త్రీ మొదటే ఒక మాట చెప్పాడు. ఈ అద్దాన్ని ఇంటి కిటికీ అద్దంలా కోసి అమర్చడం కుదరదు. ఒకసారి గట్టిపరిచాక కోసినా, రంధ్రం వేసినా మొత్తం పలుకులే. అందుకే ఆ మోడల్‌ది, ఆ తలుపుదే కావాలి. ముందు కుడిది ముందు ఎడమకు పట్టదు. కొత్తది తెప్పించాలంటే వారం అన్నారు. నాందేడ్‌లో ఉండే మా బావమరిదికి ఫోను చేస్తే భంగార్ దుకాణాలు తిరిగి ఒకటి పట్టాడు. మూలన ముద్ర చూడమన్నాను. ఐఎస్ఐ గుర్తు ఉందా, అంచు ఎక్కడా చిట్లలేదా అని. ఈ అద్దానికి ఆయువుపట్టు అంచే. నడుమ దెబ్బకు ఆగేది అంచున చిన్న దెబ్బకు ఆగదు. అన్నీ బాగున్నాయి. పాత బొంతలో చుట్టి, రైల్లో పసిపిల్లవాణ్ణి పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కిన్వట్ దాకా తెచ్చాడు.

విప్పి చూస్తే దానిమీద కాటుక లాంటి నల్ల ఫిల్ము. 1989 నాటి మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ముందు, వెనక అద్దాలు వెలుతురును నూటికి 70 వంతులు, పక్క అద్దాలు 50 వంతులు తగ్గకుండా రానివ్వాలి. నల్ల ఫిల్ములు తీసేయాలని సుప్రీంకోర్టు 2012లో గట్టిగా చెప్పింది. మిస్త్రీ వేడినీళ్లు పోసి, బ్లేడుతో ఓపికగా గీకి ఆ కాటుక వదిలించాడు.

బిగించే పని బుధవారం మా వాకిట్లోనే అయింది. ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నాను. అద్దం తిప్పే హ్యాండిల్ వెనక ఒక చిన్న లాకు తీగ ఉంటుంది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే ఎగిరి ఎక్కడో పడుతుంది. మిస్త్రీ ఒక పాత గుడ్డపేలికను హ్యాండిల్ వెనక దూర్చి అటూ ఇటూ లాగాడు, తీగ దానంతట అదే గుడ్డకు చిక్కి బయటికి వచ్చింది. చేతి పట్టు స్క్రూలు విప్పి, తలుపు లోపలి అట్టను చుట్టూ ఒక్కో క్లిప్పు వదిలిస్తూ ఊడదీశాడు. దాని వెనక ప్లాస్టిక్ కాగితం ఉంటుంది, చింపకుండా సగం ఒలిచాడు. అది లేకపోతే వాన నీళ్లు లోపలికి దిగుతాయి. ఆ తర్వాతే అసలు పని. తలుపు అడుగున చేరిన పలుకులన్నీ ఏరాలి. మిగిలితే నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుని తలుపు తుప్పు పడుతుంది, మెషిన్‌లో పడితే పంటికింద రాయిలా కరకరమంటుంది. దాదాపు గంట ఏరాడు.

బయటి రబ్బరు బీడింగు తీసి, మెషిన్‌ను కిందికి దించి, అద్దాన్ని ముందు వైపు వంచి తలుపులోకి జార్చాడు. వెనక గాడిలో కూర్చోబెట్టి నిలువు చేసి, అడుగు పట్టీని మెషిన్‌కు బోల్టులతో పట్టించాడు. బిగించలేదు. ముందు నాలుగుసార్లు పైకీ కిందికీ తిప్పి, గాడిలో ఎటు ఒరుగుతుందో చూసి, సరిచేసి అప్పుడు బిగించాడు. అతని ఇంటి మాట దక్కనీ, నాతో మాట్లాడేది మరాఠీ. పని చివర అమ్మ అరుగు మీంచి "గట్టిగ కూసున్నదా బిడ్డా?" అని అడిగితే, "ఇగ ఏం గాదమ్మా, గాలి గూడ రాదు" అన్నాడు చక్కని తెలుగులో. మా ఊరివాళ్లకు ఇది వింత కాదు. ఎవరితో ఏ భాషో నాలుకకే తెలుసు.

గురువారం పోయి వచ్చాం. రక్తపోటు అదుపులో ఉంది. "ఇప్పుడు కలుక్కుమంటోందా?" అని డాక్టరు అడిగితే, "కలుక్కు లేదు సారూ, అప్పుడప్పుడు సలుపు" అంది అమ్మ. ఆయన ఒక మందు మార్చాడు.

వెనక సీట్లో మా అమ్మాయి కూడా వచ్చింది. మరాఠీ బడిలో ఎనిమిది చదువుతోంది. తిరుగు దారిలో నానమ్మను సలుపు అంటే ఏమిటి, పోటు అంటే ఏమిటి, తీపు వేరు గుంజుడు వేరా అని ఒక్కొక్కటే అడిగింది. అమ్మ తన ఒళ్లంతా చూపిస్తూ చెప్పింది. ఇంటికి వచ్చి చూస్తే పిల్ల నోటు పుస్తకంలో ఒక పేజీ నిండా రాసుకుంది: కలుక్కు, సలుపు, పోటు, తీపు, గుంజుడు, తిమ్మిరి, చిమచిమ, దడ. ప్రతి మాటకు ఎదురుగా అది ఒంట్లో ఎక్కడ వస్తుందో గుర్తు పెట్టింది. మాటలు తెలుగువి, అక్షరాలు దేవనాగరివి. తెలుగు రాత దానికి రాదు.

ఎందుకు రాశావని అడిగాను. "రేపు నేను బండి నడిపితే నానమ్మ పక్కన కూర్చుని చెప్పేది నాకు అర్థం కావాలి కదా నాన్నా" అంది. పెన్సిలు తీసుకుని ప్రతి మాట పక్కనే అదే మాటను మన అక్షరాల్లో రాసి ఇచ్చాను. ఇప్పుడు వాటిని దిద్దుకుంటోంది. "క్కు" దగ్గర ఇంకా చేయి తడబడుతోంది.