నల్లోడి ఆవలింత

తెల్లారగట్ల పాల పాకెట్ కోసం ఎన్నార్టీ సెంటర్ దాకా నడిచేవాడికి చిలకలూరిపేటలో కుక్కల భాష కాస్తయినా రావాలి. నాకు అరవై దాటాక గానీ రాలేదు.

అక్కడి టీ బంకు బల్ల కింద ఓ నల్లకుక్క పడుకుంటుంది. అందరూ నల్లోడంటారు. ఓ రోజు నన్ను చూసి తోక ఆడించాడు కదా అని వంగి, నెత్తి నిమరబోయాను. మొహం పక్కకు తిప్పుకున్నాడు. మూతి నాక్కున్నాడు. ఆవలించాడు. పాపం, నిద్ర చాలలేదేమో అనుకున్నా. గ్లాసులు కడుగుతున్న కుర్రాడు కేకేశాడు: "చెయ్యి తియ్యండి బాబాయ్! తోక ఊపాడని దగ్గరికి పోబాకండి. వాడు వద్దంటన్నాడు."

ఎప్పుడన్నాడు?

మూడుసార్లు అన్నాడట. నిద్ర రాకుండా ఆవలించడం, ఏమీ తినకుండా మూతి నాక్కోవడం, చూపు తప్పించడం కుక్క ఇబ్బంది పడుతోందనడానికి గుర్తులు. నార్వేలో కుక్కలకు శిక్షణనిచ్చే టూరిడ్ రుగాస్ వీటి మీద ఏకంగా పుస్తకమే రాసింది. మా కుర్రాడు ఆ పుస్తకం చూడలేదు, నల్లోణ్ణి చూశాడంతే. అప్పటికీ మనం తగ్గకపోతే కుక్క ఒళ్లు కొయ్యలా బిగుస్తుంది, కంటి కొసన తెలుపు కనబడుతుంది, ఆ పైన గుర్రుమంటుంది. గుర్రుమనగానే రాయి తీస్తాం. గుర్రుమంటే దెబ్బ పడుతుందని తెలిసిన కుక్క మరోసారి ఆ కష్టం పెట్టుకోదు, నేరుగా పిక్క పట్టుకుంటుంది. చెప్పాపెట్టకుండా కరిచిందని ఊరంతా చెప్పుకుంటాం.

తోక సంగతి ఇంకా తిరకాసు. యజమానిని చూసిన కుక్క తోక కుడివైపు, పెత్తనం చేసే కొత్త కుక్కను చూస్తే ఎడమవైపు ఎక్కువ ఊగుతుందని 2007లో ఇటలీ పరిశోధకులు తేల్చారు. అంత సూక్ష్మం నా కళ్లజోడుకు ఆనదు. నడుముతో సహా ఊగే తోక సంతోషానిదనీ, కర్రలా నిలబడి టకటకా కొట్టుకునే తోకకు దూరంగా జరగాలనీ మాత్రం గుర్తుపెట్టుకున్నా.

భారతంలో సరమ అనే ఆడకుక్క కథ మన పెద్దలు ఊరికే పెట్టలేదనిపిస్తుంది. యాగశాలలోకొచ్చిన సరమ కొడుకు హవిస్సు ముట్టలేదు. అయినా జనమేజయుడి తమ్ముళ్లు చావగొట్టారు. ఏం తప్పు చేశాడని తల్లి వచ్చి అడిగితే జవాబు లేదు. అనుకోని భయం వచ్చిపడుతుందని శపించి పోయింది.

మహాశివరాత్రికి పురుషోత్తమపట్నం ప్రభలు కోటప్పకొండకు కదిలేటప్పుడు చూడండి. ఆ డప్పులకూ మైకులకూ కుక్కలు తోక కాళ్ల మధ్య పెట్టుకుని కొట్ల మెట్ల కింద దూరతాయి. సరిగ్గా అప్పుడే మన బుజ్జిగాడు ఒకదాన్ని బయటికి లాగాలని చెయ్యి పెడతాడు. ఆ చేతిని ముందే పట్టుకోండి. పొరపాటున పన్ను తగిలితే పసుపూ కారమూ అద్దకుండా, ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రిలో టీకా వేయించండి.

ఇప్పుడు నేను బల్ల దగ్గర పక్కకు తిరిగి కూర్చుంటున్నా. కళ్లలోకి చూడను, చెయ్యి చాపను. రావాలనుంటే నల్లోడే వస్తాడు. ఈ ఆరు నెలల్లో రెండుసార్లు వచ్చాడు.