గల్ఫ్ దర్వాజ

పిల్లలూ! మన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో "వాళ్ళ నాయన గల్ఫ్‌కు పోయిండు" అన్న మాట మీరు వినే ఉంటారు. గల్ఫ్ అనేది ఊరి పేరు కాదు, దేశం పేరూ కాదు. నేలలోకి చొచ్చుకొని వచ్చిన సముద్రభాగం. భూగోళ పాఠంలో దానినే సింధుశాఖ అంటాము.

దుబాయి, కువైట్ ఉన్నది పర్షియా సింధుశాఖ ఒడ్డున. దాని నుంచి మహాసముద్రంలోకి రావడానికి దర్వాజ ఒక్కటే, హోర్ముజ్ జలసంధి. రెండు నేలల నడుమ ఇరుకుగా ఉండి, రెండు పెద్ద జలాలను కలిపేది జలసంధి.

మరి కాళేశ్వరంలో ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది కదా, అదీ సంధేనా? కాదు, అది సంగమం. అక్కడినుంచి ప్రాణహిత పేరే ఉండదు. జలసంధిలో ఏ సముద్రం పేరూ పోదు. ఇక మనుషులు నేలను తవ్వి చేసిన దారి కాలువ. 1869లో తెరిచిన సూయజ్ అటువంటిదే.

హోర్ముజ్‌కు ఉత్తరాన ఇరాన్, దక్షిణాన ఒమాన్. మిక్కిలి ఇరుకైన చోట వెడల్పు సుమారు 39 కిలోమీటర్లు. అబ్బో, చాలా ఉన్నదే అనుకోకండి! పెద్ద ఓడకు లోతు కూడా కావాలి. ఓడలు ఢీకొనకుండా రాకకూ పోకకూ వేరువేరు దారులు ఏర్పరిచారు. ఒక్కొక్కటి 2 సముద్రపు మైళ్ళ వెడల్పు. సముద్రపు మైలు అంటే 1,852 మీటర్లు. లెక్క మీరే కట్టండి.

కువైట్, కతార్ ఓడలకు వేరే తోవ లేదు. ఇక్కడ యుద్ధమో, తగాదానో వస్తే చమురు ఓడలు ఆగుతాయి. మన ఇంటి గ్యాసు బండకూ, అక్కడ మనవాళ్ళ పనికీ చిక్కే.

పటం తీయండి. దుబాయి ఈ దర్వాజకు లోపల ఉన్నది. మరి మస్కట్?