పిన్ని సంతకం

మా చిన్నవాడు నన్ను "పిన్నీ" అంటాడు. కన్నది నేనే. ఇందులో విడ్డూరమేమీ లేదు. 1978లో వాణ్ణి మా అక్కకు దత్తత ఇచ్చాం.

అక్కకు పిల్లలు లేరు. నాకు ముగ్గురు మగపిల్లలు. పెద్దవాళ్లంతా కూర్చుని మాట తేల్చేశారు. నన్నెవరూ అడగలేదనుకునేరు! అడిగారు. పొరుగింట్లో గిన్నెడు పంచదార అడిగినట్టు అడిగారు.

మా వకీలు మావయ్య దస్తావేజు రాయించి, నాకు 1956 చట్టం విప్పిచెప్పాడు. తండ్రి ఉండగా బిడ్డనిచ్చే హక్కు తండ్రిదేనట. తల్లిది సమ్మతి మాత్రమేనట.

"మోసింది నేను, ఇచ్చేది ఆయనా?" అన్నాను.

"నీ సమ్మతి లేకుండా ఇవ్వలేడు గదమ్మా!" అన్నాడు మావయ్య.

(2010లో ఆ సెక్షను మార్చారు. ఇప్పుడు తల్లికీ ఆ హక్కు సమానంగా ఉంది. నాకు ముప్ఫైరెండేళ్లు ఆలస్యం.)

హోమం లేకపోయినా చెల్లుతుందట గాని, బిడ్డను ఇచ్చి పుచ్చుకోవడం మాత్రం జరిగి తీరాలట. పదకొండు నెలలవాడు. అక్క చేతుల్లోకి వెళ్లి కూడా నా పమిట వదల్లేదు. ఆ వేళ్లు ఒక్కొక్కటే నేనే విప్పాను.

మూడో నెలలో వాడికి టైఫాయిడని జాబు వచ్చింది. రాజమండ్రి బస్సెక్కబోయేముందు మావయ్య ఇంటికి పరుగెత్తాను.

"ఆ కాగితం రద్దు చేయించు. నా బిడ్డను తెచ్చుకుంటాను."

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు. "చెల్లిన దత్తతకు రద్దు లేదమ్మా. వాళ్లు వద్దనడానికీ లేదు, రేపు వాడు తిరిగొస్తాననడానికీ లేదు."

పదిహేనో సెక్షను. ఆ అంకె నాకు మా పెళ్లితేదీ కంటే బాగా గుర్తు.

ఈనాడు బిడ్డను శిశు సంక్షేమ కమిటీకి అప్పగించే తల్లిదండ్రులకు, మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువుంది. 2015 చట్టం ఇచ్చింది. మా ఇళ్లలో జరిగే దత్తతలకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఉన్నా ఏం లాభం, నాకు తెలివొచ్చింది మూడో నెలలో!

వెళ్లేసరికి అక్క వాణ్ణి భుజాన వేసుకుని తిరుగుతోంది. నాలుగు రాత్రులుగా నిద్రలేదుట. నేను చేతులు చాచాను. వాడు అక్క మెడ కరుచుకున్నాడు. నేను వంటింట్లోకి పోయి బార్లీ కాచాను.

అక్క పోయి ఏడాది కావస్తోంది. మొన్న సంక్రాంతికి వాడు, ఆవిడ పెట్టెలో దొరికిందంటూ ఆ దస్తావేజు పట్టుకొచ్చాడు. నా సంతకం మీద వేలు పెట్టి, "ఇక్కడ సిరా అలికింది, పిన్నీ" అన్నాడు.

"ఆ రోజుల్లో కలాలన్నీ కారేవిరా" అన్నాను.

వాడు నాకేసి కాసేపు చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "అరిసెలున్నాయా?" అన్నాడు.