రెండు బాటరీల పడవ

సీతానగరం దగ్గిర, కృష్ణ కుడి ఒడ్డున, ఒక పెద్ద కాలువ బయలుదేరుతుంది. దుగ్గిరాల వద్ద అది చీలుతుంది. ఆ చీలికలలో ఒకటైన కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా పోయి బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది. సీతానగరం నుంచి పెదగంజాంకు ఈ నీటిదారి 113 కిలోమీటర్లు. గట్టు మీద నిలబడితే తూర్పున వరి పొలాలు, పడమట నల్లరేగడి చేలు. ఆ చేలలో పత్తి తెల్లగా విచ్చుకుంటుంది, మిరప ఎర్రగా పండుతుంది.

బకింగ్‌హాం అన్నది ఒక మద్రాసు గవర్నరు పేరు. 1876–78లో పెద్ద కరువు వచ్చినప్పుడు, తిండిలేని జనానికి పని చూపడానికి ఆయన కాలంలో ఈ కాలువ తవ్వకం సాగించారు. తరవాత చాలా ఏళ్ళు ధాన్యం, ఉప్పు, కట్టెలు దీని మీదనే పోయేవి. గాలి వుంటే తెరచాప ఎత్తేవారు. గాలి లేకపోతే గడలతో నెట్టేవారు. లేదా మనుషులు గట్టున నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. రాత్రిపూట ఒక్క లాంతరు వుండేది. లాంతరు ఆరిపోతే చీకటి పడేదే తప్ప, పడవ నడక ఆగేది కాదు.

ఇప్పటి పడవల సంగతి అలా కాదు. పశ్చిమ డెల్టాలోనే మరొక కాలువ నిజాంపట్నం వైపు పోతుంది. అక్కడి రేవులో ఇంజను పడవలు వరసగా కట్టివుంటాయి. అయిదో తరగతి చదివే మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని ఒక సాయంత్రం అక్కడికి వెళ్ళాను. ఒక ముసలి సరంగు పడవలో కూర్చుని బాటరీ కొనలను గుడ్డతో తుడుస్తున్నాడు.

"తాతా, ఈ పడవకు రెండు బాటరీలు ఎందుకు?" అని మా వాడు అడిగాడు.

సరంగు నవ్వి, "ఒకటే వున్న రోజున నేర్చుకున్నాను, బాబూ," అంటూ ఇలా చెప్పాడు:

"అప్పట్లో ఒక్క బాటరీ మీదనే అన్నీ నడిచేవి. ఒక రాత్రి లంగరు వేసుకుని ఆగాం. నాలుగు దీపాలూ వెలుగుతూనే వున్నాయి. ఎనిమిదిమందిమీ సెల్‌ఫోన్లు తగిలించాం. కుర్రాళ్ళు పాటలు పెట్టారు. తెల్లవారుజామున గాలి లేచింది. ఒడ్డుకు చేరమని వైర్‌లెస్‌లో మాట వినిపించింది. తాళం తిప్పాను. ఇంజను టక్ మన్నది, అంతే! బాటరీ నీరసించిపోయింది. ఇంత పెద్ద ఇంజను చేత్తో తిప్పితే కదులుతుందా? లంగరు జారిపోతున్నది. దేవుడి దయవల్ల ఇంకో పడవవాళ్ళు చూసి, వాళ్ళ బాటరీ ఇచ్చారు. ఇంజను లేచింది, బతికి బయటపడ్డాం."

ఈ తీరాన గాలి అంటే వేళాకోళం కాదు. 1977 నవంబరు 19న వచ్చిన తుపానులో పదివేలమందికి పైగా చనిపోయారు. తుపాను కబురు వినాలంటే వైర్‌లెస్‌కు కరెంటు వుండాలి. విన్నాక ఒడ్డుకు రావాలంటే ఇంజను లేవడానికీ కరెంటు వుండాలి.

బాటరీ అంటే కరెంటును దాచుకునే గాదె. సీసపు పలకలతో చేసే ఈ బాటరీని 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. ఇందులో ఒక్కొక్క అరకు సుమారు 2 వోల్టులు. ఆరు అరలు కలిస్తే 12 వోల్టులు. ఇంజను తిరిగేటప్పుడు ఒక బెల్టు డైనమోను తిప్పుతుంది. డైనమో బాటరీని నింపుతుంది. ఇంజను ఆగితే నింపడం ఆగుతుంది, వాడకం మాత్రం ఆగదు.

సరంగు మా వాడిచేత లెక్క కట్టించాడు. 12 వాట్ల దీపం 12 వోల్టుల బాటరీ నుంచి 1 ఆంపియరు తీసుకుంటుంది. నాలుగు దీపాలు 10 గంటలు వెలిగితే 40 ఆంపియర్-గంటలు. వైర్‌లెస్‌కు గంటకు 1 చొప్పున మరో 10. మొత్తం 50.

"బాటరీ మీద 100 అని రాసివుంది కదా, తాతా! ఇంకా సగం మిగిలిందిగా!" అన్నాడు మా వాడు.

"ఆ సగం ముట్టుకోకూడదు, అబ్బాయీ. మాటిమాటికీ అడుగంటా వాడితే ఈ రకం బాటరీ తొందరగా పాడవుతుంది," అన్నాడు సరంగు.

అందుకే ఇప్పుడు ఒక బాటరీ ఇంజను లేపడానికి మాత్రమే. రెండోది దీపాలకూ, వైర్‌లెస్‌కూ, ఫోన్లకూ. ఇంజను నడిచేటప్పుడు రెండూ నిండుతాయి. ఇంజను ఆగగానే ఒక స్విచ్ రెండింటినీ విడదీస్తుంది. గది కప్పు మీద 100 వాట్ల సూర్యఫలకం వున్నది. మంచి ఎండలో అది 5 ఆంపియర్లు ఇచ్చినా, 5 గంటలకు 25 ఆంపియర్-గంటలు రెండో బాటరీకి చేరుతాయి.

జాగ్రత్తలు కూడా చూపించాడు. బాటరీకి దగ్గిరగానే ఫ్యూజు వున్నది. తీగలు ఒకదానికొకటి తగిలితే నిప్పు పుట్టకముందే అది తెగిపోతుంది. ఉప్పుగాలికి కొనలు చిలుము పట్టకుండా వాజిలీను రాస్తాడు. బాటరీ నిండేటప్పుడు మండే వాయువు వస్తుంది కనక ఆ దరిదాపుల్లో ఎవరినీ బీడీ ముట్టించనివ్వడు.

తిరిగి వస్తూ మా వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. దారిలో మిరప చేలు కనిపించగానే, "మామయ్యా, మన తాతయ్య విత్తనాల కుండ అటక మీద వేరుగా పెట్టి, ఎవరినీ ముట్టుకోనివ్వడు కదూ? ఆ మొదటి బాటరీ కూడా అలాంటిదే!" అన్నాడు.

అంతకన్న బాగా నేను చెప్పలేను.