మా తమ్ముని పందెపు బండి

సోదరీమణులారా! పచ్చళ్లు, పిల్లల పెంపకము, పుణ్యకథలు చదువ నలవాటుపడిన ఈ పుటలలో కార్ల పందెమును గూర్చి వ్రాయబూనినందులకు మీరు నన్ను చూచి నవ్వవచ్చును. నవ్వుడు, కాని కడవఱకు చదివిన పిమ్మట నవ్వుడని నా మనవి. ఏలయన ఈ పందెము మా యింట నవ్వు కంటె ముందు కన్నీరు తెచ్చినది.

మాది కోదాడ. హైదరాబాదునుండి విజయవాడకు పోవు జాతీయమార్గము మా యూరి చేరువనే పోవును. రేయింబవళ్లు లారీల రొద వినుట మాకు అలవాటు. ఆ రొద యొక్కమారు ఆగినచో ఎక్కడనో ఏదో జరిగినదని వీథిలోనివారందఱు గుమ్మములలోనికి వత్తురు.

నా బడి చదువు పదవ తరగతితో ముగిసినది. అసలు చదువు మా నాయనగారి యొద్ద ఇంటనే జరిగినది. భారత భాగవతములు ఆయన ప్రక్కను కూర్చుండి చదివితిని. కర్ణుని రథచక్రము నేలలో దిగిన ఘట్టము వచ్చినపుడెల్ల ఆయన పుస్తకము మూసి, “అమ్మాయీ, అస్త్రములన్నియు వచ్చినవానికి చక్రమే శత్రువైనది చూచితివా?” అనెడివారు. 2014వ సంవత్సరము వేసవిలో ఒక పెండ్లికి అద్దెకారులో పోవుచుండగా వెనుక టైరు పగిలి కారు పల్టీ కొట్టినది. మా నాయనగారు ఇంటికి రాలేదు. ఆ టైరు నున్నగా గుండై, లోపలి తీగలు పైకి తేలియుండెనని చూచినవారు చెప్పిరి. అప్పటికి మా తమ్మునికి పదునాఱేండ్లు.

వాడు ఇంజనీరింగు చదివి, అమెరికాకు పోయి, అచ్చటనే ఉద్యోగమున కుదురుకొనెను. రెండేండ్ల క్రిందట వాడు మా వారికి ఒక ఫొటో పంపెను. తలకు హెల్మెట్టు, కారు తలుపుమీద తెల్లని అంకె, ప్రక్కన నిలుచుండి వాడు నవ్వుచున్నాడు. మా అమ్మ ఆ ఫొటోను చూచి ఆ దినమంతయు అన్నము ముట్టలేదు. “తండ్రిని మ్రింగిన దానితోనే వీడు ఆటలాడుచున్నాడు,” అనెను. గడచిన సంక్రాంతికి వాడు కోదాడకు వచ్చినపుడు నన్ను చాటుకు పిలిచి, “నీవు పెద్దదానవు. నీ మాట వినును. వానిచేత ఆ పందెము మాన్పించుము,” అని నా చేయి పట్టుకొనెను. మాన్పించెదనని మాట యిచ్చితిని.

ఆ రాత్రి పెరటిలో తమ్ముని అడిగితిని. వాడు కోపగించుకొనలేదు.

“అక్కా, మీరనుకొను పందెము వేఱు. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్‌సాగరు చెంత జరిగిన ఫార్ములా-ఇ పందెమును బావ టీవీలో చూచినారు గదా! దాదాపు మూడు కిలోమీటర్ల దారి, పదునెనిమిది మలుపులు, ఒకదాని వెంట నొకటి తఱుముకొను విద్యుత్తు కార్లు. ఫ్రాన్సు దేశపు వెర్న్ గెలిచినాడు. అది గొప్ప సంస్థల పని. నాది ఆటోక్రాస్. పెద్ద పార్కింగు మైదానములోనో, పాత విమానాశ్రయపు తారునేలమీదనో నారింజరంగు కోనులు నిలిపి వంకరటింకర దారి ఏర్పఱతురు. ఆ దారిలో ఎవరి కారు వారిదే, ప్రక్కన ఢీకొట్టువారుండరు. పోటీ గడియారముతోనే. సుమారు నిమిషములో పరుగు ముగియును. కోను పడగొట్టినచో రెండు సెకనులు కలుపుదురు. దారి తప్పినచో ఆ పరుగు లెక్కకే రాదు.”

ఈ పోటీలను నడపు స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా 1944లో పుట్టినదట. 1973లో మొదటి జాతీయపోటీ జరిగినది. ఇటీవలి సంవత్సరములలో అది నెబ్రాస్కా రాష్ట్రమందలి లింకన్ నగరమున సెప్టెంబరు నెలలో జరుగుచున్నది; వేయిమందికి పైగా వత్తురు. స్త్రీలకు వేఱుగ తరగతులు కలవు. కోరినచో పురుషులతో కలిసియు పోటీ చేయవచ్చును. భార్యాభర్తలు ఒకే కారును వంతులవారీగా నడపుటయు కలదని విని మా వారి వంక చూచితిని. ఆయన తల వంచుకొని కాఫీ త్రాగుచుండిరి.

మన దేశమునను ఇట్టి పరీక్ష లేకపోలేదు. కోయంబత్తూరు చెంతనున్న కరి మోటార్ స్పీడ్‌వేలో జరుగు ఫార్ములా భారత్ పోటీలయందు ఇంజనీరింగు విద్యార్థులు తాము నిర్మించిన కార్లకు ఆటోక్రాస్ పరీక్ష పెట్టుకొందురు. మా తమ్ముడు దీనిని మొదట చూచినది అచ్చటనే.

“అయినను అమ్మ భయము అమ్మది,” అంటిని. “నీవు వేగమునకు అలవాటుపడి రోడ్డుమీద...”

“వేగము కాదక్కా,” అని వాడు తన అరచేయి నా ముందు చాపెను. “ఒక్కొక్క టైరు నేలను తాకుచోటు ఇంచుమించు ఇంతయే. నాలుగు చక్రములు, నాలుగు అరచేతులు. నాయన ప్రాణము ఆనాడు ఆనియుండినది వీనిమీదనే. అవి ఎప్పుడు పట్టునో, ఎప్పుడు విడుచునో తెలిసికొనవలెనని నాకు పంతము.”

నేను మఱి మాటాడలేకపోయితిని. వాడు చెప్పుకొనిపోయెను.

వాడు పోటీచేయునది వీథిటైర్ల తరగతి. ఉద్యోగమునకు పోవు కారే పోటీకిని పోవలెను. అమెరికాలో టైరు ప్రక్కభాగమున అరుగుదల నిలుపుకొను శక్తిని తెలుపు ఒక అంకె యుండును. సంసారపు కార్ల టైర్లకు అది మూడువందలు, నాలుగువందలు, అంతకు మించియు నుండును. ఈ తరగతిలో అది రెండువందలకు తగ్గరాదు. అంకె తగ్గినకొలది రబ్బరు సాధారణముగ మెత్తనై నేలను గట్టిగ పట్టును, త్వరగ అరుగును. స్ప్రింగులు మార్చరాదు; షాక్ అబ్జార్బర్లు మార్చవచ్చును. కారు ఒరగకుండ అడ్డముగనుండు కడ్డీలలో ముందుదో వెనుకదో ఒక్కదానినే మార్చవచ్చును. ధనము గుమ్మరించి గెలువకుండుటకే యీ కట్టుబాట్లు. ఇక మిగిలినది బండిని తీర్చిదిద్దు నేర్పు, నడపు నేర్పు.

ఇది విన్నంతనే నాకు ఆరణ్యపర్వమందలి నలోపాఖ్యానము తలపునకు వచ్చినది. బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలుచుచున్న నలుడు ఒక్కదినములో విదర్భకు పోవలసి వచ్చినపుడు బక్కచిక్కిన గుఱ్ఱములను ఏఱుకొనెను. రాజు శంకించెను. నలుడు వాని బలుపును గాక లక్షణములను చూచెను. మా తమ్ముడును చూచునది బండి బలుపు కాదు, లక్షణమే.

మఱునాడు వాడు మా పాత స్విఫ్టు కారును ముందు పెట్టుకొనెను. ఊరి వెలుపల మా బంధువుల వెంచరొకటి కలదు. ప్లాట్లకు రాళ్లు పాతి, సిమెంటురోడ్లు పోసి, నడుమ విశాలమైన గట్టినేల వదలియున్నారు. వారి అనుమతి తీసికొని, పిల్లలను ఆమడదూరమున నిలిపి, ఖాళీ రంగుబకెట్లు పదునెనిమిదింటిని బోర్లించి దారి ఏర్పఱచెను. మా వారు బడి ఆటలపోటీలకు వాడు స్టాప్‌వాచి తెచ్చిరి. అమ్మ రానని చెప్పి, చివరకు వచ్చి, వేపచెట్టు నీడను మాకు వీపు త్రిప్పి కూర్చుండెను.

మొట్టమొదట వాడు కారులోని నీళ్లసీసాలు, గొడుగు, చెప్పులు, నడపువాని కాళ్లక్రింది చాప అన్నియు తీసివేసెను. దొర్లిన సీసా బ్రేకు క్రింద చేరినచో ఏమగునో చెప్పనక్కఱలేదు. పిమ్మట దారినంతయు రెండుమార్లు కాలినడకను తిరిగెను. పోటీలో గూడ నడపుటకు ముందు అందఱు నడచి చూతురట. పిమ్మట గేజి తీసి నాలుగు టైర్ల గాలి కొలిచెను. తలుపు ప్రక్కనున్న చీటీమీద ముప్పదికి చేరువ అంకె యున్నది. మా వెనుక ఎడమ టైరులో ఇరువదిరెండే యుండెను! నేను ఆ కారులోనే పిల్లలనెక్కించుకొని సూర్యాపేటకు పోయి వచ్చి నాలుగుదినములైనను కాలేదు. నా గుండె జల్లుమన్నది.

గాలి సరిచేసి, టైరు అంచునుండి ప్రక్కగోడవఱకు సుద్దముక్కతో గీతలు గీసెను. ఒక పరుగు తీసి దిగి చూచిన, ముందు టైర్ల మీది సుద్ద ప్రక్కగోడవఱకు చెఱిగిపోయియుండెను. మలుపులో టైరు మడత పడుచున్నదని, గాలి చాలలేదని దాని యర్థము. నాలుగు పౌనులు పెంచెను. సుద్ద అంచుననే ఆగినది. ఇంకను పెంచినచో టైరు ఉబ్బి నడిమిభాగమే నేలను తాకి పట్టు తగ్గునట. రెండుమూడు పరుగులు తీయునప్పటికి టైరు వేడెక్కి గాలి తనంతట హెచ్చును. మరల కొలిచి తగ్గించుచుండవలెను. ఒక్కమారు ఒక్కటే మార్చును. మార్చినది, పట్టిన కాలము నోటుపుస్తకములో వ్రాసికొనును. రెండు మార్చినచో ఏది మేలుచేసినదో తెలియదు గదా! వంటలో ఉప్పు, పులుపు ఒక్కసారిగ సవరించినచో మనకును ఇదే తికమక.

మొదటి పరుగునకు నలువదియెనిమిది సెకనులు పట్టినవి. సాయంకాలమునకు నలువదినాలుగైనది. బండి అదే, రబ్బరు అదే.

“మన కారును ముందు చక్రములే లాగవలెను, ముందు చక్రములే త్రిప్పవలెను. ఒక్క ఎద్దుచేత నాగలియు బండియు లాగించినట్లు,” అని వాడు విప్పి చెప్పెను. “అందుచే త్రిప్పుచున్నపుడు గట్టిగ బ్రేకు నొక్కినను, గట్టిగ లాగించినను ముందు టైరు చేయి విడుచును, బండి మలుపు తిరుగక తిన్నగ పోవును. ముందుగనే తగ్గించుకొని, మెల్లగ త్రిప్పి, బండి తిన్ననైన పిమ్మట లాగించవలె.” పోటీకార్లకు చక్రముల తలలను కొంచెము లోపలికి వాల్తురు, మలుపులో బండి ఒరిగినపుడు బయటి టైరు అడుగు చదునుగ నేలకు ఆనుటకు. దీనిని క్యాంబర్ అందురు. కాని మితిమీఱినచో నిత్యప్రయాణమున టైరు లోపలియంచు అరిగిపోవును. ఒక్క నిమిషపు పరుగునకును, ఏడాది సంసారమునకును నడుమ ఒప్పందము కుదుర్చుటయే ఆ సవరణ.

పిమ్మట నన్ను నడపుమనెను. రెండు బకెట్లను పడగొట్టితిని. మా వారు గంభీరముగ “నాలుగు సెకనులు జరిమానా” అని వ్రాసికొనిరి. ఆ పిమ్మట తమ్ముడు నా ప్రక్కను కూర్చుండి, తిన్నని దారిలో నలువది కిలోమీటర్ల వేగమున పోవుచుండగా, “ఇప్పుడు బ్రేకు నీ బలమంతయు పెట్టి నొక్కుము,” అనెను. కాలిక్రింద పెడలు దడదడలాడినది, పట్టీ నా భుజమును పట్టి ఆపినది, బండి నిలిచినది. పదునైదేండ్లుగ కారు నడపుచున్నను అంత గట్టిగ బ్రేకు వేయుట నాకదే మొదటిసారి. రోడ్డుమీద అక్కఱ వచ్చినదినమునే దానిని మొదటిసారి నేర్చుకొందురు మనబోటివారు.

నేను దిగునప్పటికి అమ్మ వేపచెట్టుక్రింద లేదు. కారు ప్రక్కకు వచ్చి వెనుక టైరునొద్ద నిలుచుండి యున్నది. వంగి దాని గాడిలో వ్రేలు పెట్టి తడవి చూచెను.

“ఒరే, ఇది ఇంకను ఎన్నాళ్లు నడచునో తెలియునా?” అని అడిగెను.

తమ్ముడు గాడుల నడుమనున్న చిన్న ఎత్తుగీతలను చూపి, టైరు అరగి వానితో సమమైనచో పని ముగిసినట్లని చెప్పెను.

“ఆ బండివాడు ఆనాడు ఇది చూచియుండినచో...” అని అమ్మ ఆగిపోయెను. వాడేమియు పలుకక గేజిని ఆమె చేతిలో పెట్టి, గాలి కొలుచు తీరు చూపించెను.

నేను ఇచ్చిన మాట నిలుపుకొనలేదని ఆ రాత్రి అమ్మతో చెప్పితిని. అమ్మ ఔనని కాని కాదని కాని అనలేదు. ఇప్పటికిని ఆ ఫొటో చూడదు. వాడు పోటీకి పోవు ఆదివారమున దీపము పెట్టి, ఫోను వచ్చువఱకు పీటమీదనే కూర్చుండును. కాని మాన్పించుమని నన్ను మరల అడుగలేదు. ఇంటినుండి ఎవరు కారెక్కినను, “గాలి చూచితిరా?” అని అరుగుమీదనుండి అడుగును.

సోదరీమణులారా! పందెమునకు మీరు పోవలెనని నేను చెప్పుట లేదు. మన బిడ్డలెక్కు బండి నాలుగు అరచేతుల రబ్బరుమీద నిలిచియున్నదని మఱువవలదని మాత్రమే నా విన్నపము. నెలకు రెండుమార్లు, బండి కదలకముందు టైర్లు చల్లగనున్నపుడు గాలి కొలిపింపుడు, స్టెప్నీని మఱువకుడు. పోటీలో పెంచు గాలి రోడ్డునకు తగదు. తలుపు ప్రక్క చీటీమీద నున్నదే ప్రమాణము. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని మన దేశపు నిబంధన. ప్రక్కగోడమీద నాలుగంకెల ముద్ర యుండును; 3519 అని యున్నచో 2019వ సంవత్సరము ముప్పదియైదవ వారమున తయారైనదని యెఱుగుడు. అద్దెకారు వచ్చినపుడు సామానెక్కించుటకు ముందు ఒక్కమారు చుట్టు తిరిగి చూడుడు. గుండైన టైరు కనబడినచో, ముహూర్తము మించినను సరే, వేఱు బండి పిలిపింపుడు. ఆనాడు మేమాపని చేయలేదు.