దరఖాస్తుల కిటికీ

ఉద్యోగవిరమణానంతరము నాపై బడిన పనులలో నెల్ల కష్టమైనది వెబ్ హోస్టింగ్ కుదుర్చుట. తెలుగు పండితునకు ఇదేమి పని యని మీరు నవ్వవచ్చును. మొదట నేనును నవ్వితిని.

మా గ్రామ పాఠశాల పూర్వవిద్యార్థులు కొందరు చేరి, పదవ తరగతి నెగ్గిన బీదపిల్లల పైచదువునకు ఫీజు కట్టుటకై ఒక చిన్న నిధి నేర్పరచిరి. లెక్కల భారము నాకప్పగించిరి. హైదరాబాదున ఉద్యోగము చేయుచున్న నా శిష్యుడొకడు, సెల్‌ఫోనునందే దరఖాస్తు నింపుటకు వీలుగా ఒక వెబ్ అప్లికేషన్ వ్రాసి యిచ్చి, "మాస్టారూ, దీనికిక ఒక బస చూడవలెను" అనెను.

బస యనగా నేమి? ప్రోగ్రాము ఎంత చక్కనిదైనను, దానిని రేయింబవళ్లు నడుపుచు, ఇంటర్నెట్టుతో కలిసియుండు కంప్యూటరు ఒకటి కావలెను. దానిని సర్వరు అందురు. అట్టివానిని అద్దెకిచ్చువారే హోస్టింగ్ సంస్థలవారు. గోడపై ప్రకటన అంటించుటకు గోడ యున్న చాలును. దరఖాస్తులు పుచ్చుకొనుటకో, కిటికీ వెనుక గుమాస్తా కూర్చుండవలెను. అతని ప్రక్కన దస్త్రముల బీరువా యుండవలెను. వెబ్ అప్లికేషనునకు ప్రోగ్రామే గుమాస్తా, డేటాబేసే బీరువా.

నేను అద్దె యొక్కటే చూచితిని. ధర్మసొమ్ము గదా, మిగిల్చిన ప్రతి రూపాయియు పుణ్యమే యనుకొంటిని. అన్నిటికంటె చవుకగా, "అపరిమితము" అని పెద్ద యక్షరములతో ప్రకటించుకొన్న సంస్థను కుదిర్చితిని. శిష్యుడు ఏదో చెప్పబోయెను గాని, గురువు మాట కాదనలేక ఊరకుండెను.

గడువు చివరి దినమున కిటికీ మూతపడెను. ఆ యొక్క సర్వరునందే మావంటి అద్దెదారులు ఎందరో యుండిరట. ఒకరి యింట పెండ్లి జరిగిన వాడకంతటికి నీరు చాలనట్లు, ఒకరికి రద్దీ పెరుగగా అందరివియు నిలిచిపోయెను. నా ఉత్తరమునకు మూడవనాడు బదులు వచ్చెను. కిటికీ తెరచుకొనెను గాని, బీరువాలో చివరి రెండు వారముల దరఖాస్తులు లేవు.

ఆ సాయంకాలము పొరుగూరినుండి ఒక బాలిక తండ్రితో మా యింటికి వచ్చెను. "మాస్టారూ, పది దినముల క్రిందటనే పంపితిని. ఇప్పుడు చూచిన నా పేరే లేదు" అని కన్నీరు పెట్టుకొనెను. ఆమె తండ్రి ఆనాటి కూలి మానుకొని వచ్చెను. నేను ఏడాదికి మిగిల్చిన సొమ్ము ఆయన యొకనాటి కూలికి మించదు. ఆ రాత్రి నాకు అన్నము సహింపలేదు. గడువు పొడిగించి, దరఖాస్తులను కాగితములపై పుచ్చుకొంటిమి.

రెండవమారు శిష్యునితో కూర్చుండి వెదకితిని. ఒక సంస్థ తన సర్వరు నూటికి 99.9 పాళ్లు పనిచేయునని వ్రాసెను. సంవత్సరమునకు 8,760 గంటలు. అందు వేయింట నొక పాలనగా ఇంచుమించు 8 గంటల 45 నిమిషములు. అవి యన్నియు గడువునాడే వచ్చిన నేమి చేయుదుము? మాట తప్పినచో వారిచ్చునది అద్దెలో కొంత భాగమే గాని, పోయిన దరఖాస్తు కాదు.

సర్వరును మొత్తముగా మనమే చూచుకొను పద్ధతియు గలదు. సొంత యిల్లువలె అందు స్వేచ్ఛ మెండు. తాళములు మార్చుట, కప్పు మరమ్మతు మనవే. శిష్యునకు తీరిక లేదు, నాకు తెలియదు. కావున మరమ్మతులు తామే చేయువారిని ఎంచుకొంటిమి. సొమ్ము చెల్లింపకమునుపే వారికొక సందేహము వ్రాసితిని. బదులు అరగంటలో వచ్చెను!

ఇక నకలు మాట. 2021 మార్చి 10వ తేదీన, అర్ధరాత్రి దాటిన పిమ్మట, ఫ్రాన్సు దేశమున స్ట్రాస్‌బూర్ నగరమందు ఓవీహెచ్ క్లౌడ్ సంస్థవారి ఐదంతస్తుల సర్వరు భవనము దగ్ధమయ్యెను. నకళ్లను సైతము అచటనే యుంచుకొన్న కొందరికి ఏమియు దక్కలేదు. అందుచే మా దరఖాస్తుల నకలు ప్రతి రాత్రియు వేరొక నగరమునకు పోవునట్లు ఏర్పాటు గావించితిమి. ఆదివారము నేనొక నకలు దింపుకొని ఇనుప పెట్టెలో పెట్టుదును.

నకలు ఉన్నంతమాత్రమున చాలదు, తెరచి చూడవలెనని శిష్యుడు పట్టుబట్టెను. ఒకనాడు వేరొక సర్వరుపై ఖాళీ బీరువా నొకటి నిలిపి, ఇనుప పెట్టెలోని నకలును అందు నింపెను. పేర్లు ఒక్కొక్కటిగా తెరపైకి రాజొచ్చెను. కళ్లద్దములు తుడుచుకొని చూచితిని. పదునేడవ వరుసలో ఆ బాలిక పేరుండెను.